మాలక్ష్మి పారబోసిన నలుపు

పెడనలో ఆ వీధికి మున్సిపాలిటీ వాళ్ళు పెట్టిన పేరు ఒకటుంది కానీ, కరెంటు బిల్లు మీద తప్ప అది ఎక్కడా కనబడదు. అందరూ మాలక్ష్మిగారి వీధి అనే అంటారు. ఆ వీధిలో ఆవిడకు ఉన్నది రెండు గదుల డాబా, దాని వెనక ఒక రేకుల షెడ్డు మాత్రమే. అయినా ఎవరింట్లో అరటితొక్క ఏ డబ్బాలో పడిందో ఆవిడకు తెలియకుండా ఉండదు కాబట్టి, ఎవరూ పెట్టకుండానే ఆ పేరు వచ్చి కూర్చుంది.

అసలు పేరు సీతామహాలక్ష్మి. అంత పేరు పిలిచే ఓపిక లేక జనం మాలక్ష్మి చేశారు. మనిషి పొట్టి, నడక చురుకు, గొంతు మాత్రం చెత్త బండి పాటను మించిపోతుంది. ఆకుపచ్చ డబ్బాలో తడి చెత్త, నీలం డబ్బాలో పొడి చెత్త, ఎర్ర డబ్బాలో పాత బ్లేడ్లు, గడువు తీరిన మాత్రలు, మాడిపోయిన బల్బులు. ఈ మూడు ముక్కలూ ఊరందరికీ తెలుసు. తెలిసి ఊరుకోవడం ఊరి అలవాటు. ఊరుకోకపోవడం మాలక్ష్మి అలవాటు.

ఎదురింటి అనసూయ చేత పాల ప్యాకెట్లు కడిగించి, క్లిప్పులు పెట్టి, బట్టల తీగ మీద ఆరవేయించింది. వాళ్ళాయన లుంగీ పక్కన ఆ ప్యాకెట్లు వేలాడుతుంటే దారిన పోయేవాళ్ళు ఆగి చూసేవారు. పక్కవీధి నుంచి వచ్చిన చుట్టం ఒకాయన మాత్ర అట్ట కింద పడేస్తే, వెనకాలే వెళ్ళి ఆయన జేబులోనే పెట్టి వచ్చింది. బండి తోలే నతానియేలు ఆ వీధి మలుపు తిరగ్గానే చొక్కా గుండీలు సర్దుకునేవాడు.

"అమ్మగారూ, నాకు పైన ఇద్దరు అధికార్లున్నారండీ. వాళ్ళకి చెప్పుకోవచ్చు. మీకు చెప్పుకోలేనండీ" అనేవాడు.

ఆవిడేమీ పుట్టుకతో ఇలాంటి మనిషి కాదు. ఒకప్పుడు అందరిలాగే ఆవిడా చీకటి పడ్డాక చెత్త తట్ట పట్టుకెళ్ళి, అటూ ఇటూ చూసి, కాలవలో కుమ్మరించి వచ్చిన మనిషే. ఒకసారి వార్డు సచివాలయంలో మీటింగు పెట్టి, ఒక ఆఫీసరమ్మ ఈ డబ్బాల సంగతి చెప్పి, "ఎవరైనా మళ్ళీ చెప్పగలరా?" అంది. అందరూ నేల చూపులు చూస్తుంటే మాలక్ష్మి లేచి మైకు పట్టుకుని తడబడకుండా మొత్తం ఒప్పజెప్పింది. హాలంతా చప్పట్లు. పెళ్ళయిన నాటి నుంచి ఆవిడ వండిన పనసపొట్టు కూరకు గానీ, పెట్టిన ఆవకాయకు గానీ ఒక్కరూ చప్పట్లు కొట్టిన పాపాన పోలేదు. ఆ చప్పుడు చెవుల్లో పెట్టుకునే ఆవిడ ఇంటికి వచ్చింది. ఆ రోజుతో వీధికి మంచి రోజులో, చెడ్డ రోజులో మొదలయ్యాయి.

వీధంతా చెప్పుచేతల్లోకి వచ్చినా, ఆవిడకు లొంగని చోటు ఒక్కటి మిగిలిపోయింది. అది సొంత ఇంటి వెనక షెడ్డు.

అందులో ఆవిడ భర్త పాండురంగయ్య సామాన్లు ఉండేవి. ఆయన కలంకారీ అద్దకం మనిషి. ఊరి చివర అద్దకం షెడ్డులో బల్లల ముందు నిలబడి అచ్చు మీద అచ్చు కొడుతూ వయసంతా గడిపాడు. స్క్రీన్ ప్రింటింగు వచ్చి, డ్రమ్ముల్లో రెడీమేడ్ రంగులు వచ్చి, ఆ షెడ్డు మూతపడింది. అరిగిన అచ్చులు, రంగు పీల్చిన గోనెలు, నోరు పగిలిన కుండలు ఇంటికి చేరాయి. ఆయన కూడా ఇంటికి చేరి టీవీ ముందు కుర్చీలో కూర్చున్నాడు. మాట పెగలదు. అన్నం పెడితే తింటాడు, పెట్టకపోతే అడగడు. రిమోటు చేతిలో ఉంటుంది కానీ ఛానల్ మార్చడు. వీధిలో అంత నోరున్న మాలక్ష్మి ఆ కుర్చీ దగ్గరికి వచ్చేసరికి ఏం మాట్లాడాలో తెలియక కొంగుతో టీవీ తుడిచి వెళ్ళిపోయేది.

అలాంటప్పుడు కూతురు భవిత బందరులో చిన్న బట్టల కొట్టు తెరిచింది. ఒక ఆదివారం వచ్చి తండ్రి కుర్చీ పక్కన కింద కూర్చుని, "నాన్నా, నాకు డ్రమ్ము నలుపు వద్దు. మన కుండ నలుపు కావాలి. నువ్వు చేసిస్తేనే కొట్లో కలంకారీ దుప్పట్లు పెడతాను, లేకపోతే లేదు" అంది.

మర్నాడు పొద్దున కుర్చీ ఖాళీగా ఉంది. ఆయన అటక మీది నుంచి గోనెసంచి దించుతున్నాడు. అందులో పాత ఇనుము. ఎద్దుల నాడాలు, విరిగిన కొడవళ్ళు, బండి చక్రం పట్టా ముక్కలు. ఆయన తండ్రి నాటి నుంచి కుండలో నానుతూ, ఎండుతూ, మళ్ళీ నానుతూ వచ్చిన ఇనుము అది. దాన్ని కుండలో వేసి, తాటిబెల్లం కలిపి, నీళ్ళు పోసి, మూతికి గుడ్డ కట్టాడు. రోజూ లేవగానే ఆ గుడ్డ విప్పి, పులుసు ఉడికిందో లేదో చూసే వంటమనిషిలా, ముక్కు పెట్టి వాసన చూసేవాడు. చూసి చిన్నగా కూనిరాగం తీసేవాడు. ఆ వాసనకు మాలక్ష్మి ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకునేది. ఆ కూనిరాగం కోసం ఓర్చుకుంది.

ఇంతలో మున్సిపాలిటీ వాళ్ళు ఒక కబురు పంపారు. శుక్రవారం ప్రతి వీధీ చూస్తారట, ఎక్కడా నిలవ నీరు ఉండకూడదట, అన్నిటికన్నా శుభ్రంగా ఉన్న వీధి మొదట్లో 'ఆదర్శ వీధి' అని బోర్డు పెడతారట. ఈ కబురు విన్నాక మాలక్ష్మికి కంటి మీద కునుకు లేదు. బోర్డు ఎక్కడ పెట్టాలో కూడా ఆవిడే చూసి పెట్టుకుంది.

శుక్రవారం పొద్దున పాండురంగయ్య గుడ్డల ఎంపిక కోసం బందరు బస్సెక్కాడు. మాలక్ష్మి కొంగు దోపుకుని వీధిలో పడింది. కొబ్బరి చిప్పలు, పూలకుండీల కింద పళ్ళేలు, పాత టైర్లు, అన్నీ బోర్లా తిప్పించింది. చివరికి తన ఇంటి వెనక్కి వచ్చి షెడ్డు తలుపు తీసింది.

అక్కడ ఒక తొట్టి, ఒక కుండ. తొట్టిలో పసుపు పచ్చటి నీళ్ళు, ఆయన గుడ్డలు నానబెట్టి తీసిన కరక్కాయ నీళ్ళు. కుండ గుడ్డ విప్పితే గుప్పుమని పులిసిన కంపు. పైన నురగ. దాని మీద ఒక దోమ. అదీ దారి తప్పి వచ్చినట్టుంది కానీ, దోమ దోమే.

ఆవిడ గరిటె పెట్టి తిప్పి చూసింది. నలుపు లేదు. కాచి వదిలేసిన టీ డికాక్షన్‌లా తుప్పు రంగు నీళ్ళు. అద్దకం అంతా ఊరి చివర షెడ్డులో జరిగేది, ఇంటికి వచ్చేది ఆయన చేతులకు అంటిన నలుపే. కాబట్టి నల్లరంగు కుండ అంటే లోపల నల్లగా ఉంటుందని ఆవిడ లెక్క. ఇది పాడైపోయిందని తేల్చుకుంది. ఆవకాయ జాడీ మీద బూజు కడితే ఏం చేస్తాం? పారబోసి, జాడీ కడిగి ఎండబెడతాం. మొగుడు వచ్చాక మళ్ళీ వేసుకుంటాడు, బెల్లం తనే కొనిస్తుంది. ఎంతసేపు పని?

తొట్టి వీధి కాలవలోకి పోయే తూములో వంచింది. దాని వెనకే కుండా వంచింది. ఇనుము గోనెలో కట్టి, అప్పుడే వచ్చిన బండిలో నతానియేలుకు అందించింది.

"ఇది పొడి చెత్తేనా అమ్మగారూ?" అన్నాడు అతను, భయపడుతూ.

"నాకే చెప్తున్నావా?" అంది ఆవిడ.

బండి వెళ్ళిపోయింది. ఆవిడ చేతులు కడుక్కుని గుమ్మంలోకి వచ్చి కాలవ వంక చూసింది. కాలవ నల్లగా ఉంది.

మామూలు మురికి నలుపు కాదు. తాటాకు మీద కాటుక పట్టినట్టు చిక్కటి నలుపు, మెరుస్తూ, ఆవిడ గుమ్మం ముందు పుట్టి, అనసూయ గుమ్మం దాటి, వీధి పొడవునా నడిచి వెళ్తోంది. ఆడవాళ్ళంతా గుమ్మాల్లోకి వచ్చి ముక్కున వేలేసుకున్నారు. సరిగ్గా ఆ వేళకే తనిఖీ వాళ్ళు వీధి మలుపు తిరిగారు. ముందు నడుస్తున్న ఆఫీసరమ్మ కాలవలోకి చూసి, "ఇక్కడెవరండీ కెమికల్స్ వదిలేది?" అంది. మాలక్ష్మికి నోట మాట రాలేదు. ఆ వీధి పుట్టాక అలాంటిది జరగడం అదే మొదటిసారి. బోర్డు పక్కవీధికి వెళ్ళిపోయింది.

అదీ ఒక బాధే. కానీ అసలు బాధ మధ్యాహ్నం బస్సు దిగింది.

పాండురంగయ్య వీధి మొదట్లోనే కాలవ చూశాడు. చూసి ఆగాడు. గొడుగు చంకలో పెట్టుకుని, ఒక్కో గుమ్మం దగ్గర వంగి చూస్తూ వచ్చాడు. ఇంటి ముందుకు వచ్చాక కూర్చుని భుజం మీది తువ్వాలు కొస ముంచి, పిండి, ఎండకు పట్టి చూశాడు. మొహం వెలిగిపోయింది.

"మాలక్ష్మీ! చూశావుటే, ఎంత నలుపో! ఇలాంటిది మా నాన్న తీసేవాడు. ఎవరు తీశారే..."

మాట సగంలో ఆగింది. లేచి వెనక్కి వెళ్ళాడు. ఎండలో బోర్లించిన కుండ చూశాడు. తిరిగి వచ్చి చెప్పులు విప్పుకున్నాడు.

"ఏవండీ, అది పాడైపోయిందనుకున్నానండీ. నల్లగా లేదు, కంపు కొడుతోంది..."

"నలుపు కుండలో ఉండదే. కరక్కాయ తగిలితేనే వస్తుంది, గుడ్డ మీదైనా, కాలవలోనైనా" అన్నాడాయన. "పోన్లే. నీకు తెలీదుగా."

కుర్చీలో కూర్చుని టీవీ పెట్టుకున్నాడు. తిట్టి ఉంటే మాలక్ష్మి బతికిపోయేది. తిరిగి నాలుగు అనేది, ఒక పూట మాటలు మానేసేది, సాయంత్రానికి సర్దుకునేది. ఆయన తిట్టలేదు. ఛానల్ కూడా మార్చలేదు. ఆ రాత్రి ఆవిడ అన్నం కెలికి వదిలేసింది. మిగిలిన అన్నం మాత్రం తడి చెత్తలోనే వేసింది, అది వేరే సంగతి.

మర్నాడు నతానియేలును పట్టుకుంది. ఇనుమంతా మున్సిపాలిటీ చెత్త షెడ్డు నుంచి ముందురోజే గుడివాడ పాత ఇనుము కొట్టుకు లోడైపోయిందన్నాడు. ఆవిడ గుడివాడ బస్సెక్కింది.

కొట్టు కాంతారావు అనే ఆయనది. ఆయన దొడ్లో ఇనుము తాటిచెట్టు ఎత్తున రాసి పోసి ఉంది. తన గోనె అందులో ఎక్కడుందో ఆ దేవుడికే తెలియాలి. దుఃఖంలో కూడా ఆవిడ ఊరుకోలేకపోయింది.

"ఇదేంటండీ, రేకు, ఇనుము, వైరు అంతా కలిపేశారు? దేనికది విడిగా పెట్టుకోవద్దూ?"

కాంతారావు కళ్ళజోడు పైకి తోసుకున్నాడు. "అమ్మా, మీరు వెతుక్కోవడానికొచ్చారా, తనిఖీకొచ్చారా?"

ఆవిడ తలవంచుకుని రాసి చుట్టూ తిరిగి, ఎర్రగా కనిపించిన ప్రతి ముక్కా ఏరి సంచి నింపుకుంది. బస్సులో కండక్టరు, "పెద్దమ్మగారూ, ఆ బరువేంటండీ?" అంటే, "తుప్పు బాబూ" అంది. అతను మళ్ళీ అడగలేదు. ఇల్లు చేరేసరికి కొత్త చీర కుచ్చెళ్ళన్నీ తుప్పు మరకలే.

సంచి పాండురంగయ్య ముందు కుమ్మరించింది. ఆయన ఒక్కో ముక్కా తీసి, మర్యాద కోసం, రెండు వైపులా తిప్పి చూశాడు.

"ఇది లారీ స్ప్రింగు పట్టీ, గ్రీజు పట్టేసింది. ఇది గేటు ముక్క, తుప్పు కాదు, ఎర్ర రంగేశారు. ఇంత దూరం ఎందుకెళ్ళావే?" అన్నాడు. గొంతులో కోపం లేదు, అదే ఆవిడను చంపింది. "దానికి కొలిమిలో కొట్టిన పాత ఇనుము కావాలి. నాడాలు, కొడవళ్ళు అలాంటివి. ఇప్పుడెవరింట్లో ఉంటాయి? అందరిచేతా పారేయించేశావుగా."

చివరి మాట ఆయన హాస్యానికే అన్నాడేమో. మాలక్ష్మికి చెంప మీద కొట్టినట్టయింది. నిజమే. అటకల మీద తుప్పు పడుతున్న ప్రతి వస్తువునూ వెంటబడి, బతిమాలి, బెదిరించి బండెక్కించింది తనే.

అయినా సాయంత్రం ఆవిడ చెప్పులేసుకుంది. మొదట అనసూయ గుమ్మం ఎక్కింది. అనసూయ ఆవిడను చూడగానే అలవాటుగా తీగ మీది పాల ప్యాకెట్లు చూపించింది.

"దానికి కాదమ్మా. మీ ఇంట్లో తుప్పు పట్టిన ఇనుము ఏమన్నా ఉందా? పాతది?"

అనసూయ తెల్లబోయింది. "అయ్యో, లేదు పిన్నిగారూ! ఒట్టు! మీరు చెప్పిన రోజే అన్నీ వేసేశాం."

"నీకు దండం పెడతాను, ఉంటే ఇవ్వవే" అంది మాలక్ష్మి. జరిగిందంతా చెప్పుకుంది. కాలవ, కుండ, టీవీ, కుర్చీ.

అనసూయ మంచం కిందకు దూరి, పాత చీరలో చుట్టిన తుప్పు కత్తిపీట లాగింది. "మా అత్తగారిది. మీకు భయపడి దాచాను" అంది. తర్వాత పెదవి కొరుక్కుని, "ఇంతకీ పిన్నిగారూ, ఇది తడి చెత్తా, పొడి చెత్తా?" అని అడిగింది. మాలక్ష్మి ఆ దెబ్బ నోరు మూసుకుని భరించింది.

కబురు ఆవిడకన్నా ముందే వీధి చుట్టింది. ఎక్కడెక్కడి నుంచో తుప్పు బయటికి వచ్చింది. బియ్యం డబ్బా వెనక నుంచి తలుపు గొళ్ళెం, పూజగది అలమార కింద నుంచి పారలు, ఒకరింట్లో అయితే నీళ్ళ ట్యాంకులో దాచిన గునపం. తను ఆదర్శ వీధి అనుకున్నది నిజానికి ఎంత పెద్ద దొంగల వీధో మాలక్ష్మికి ఆ సాయంత్రం తెలిసింది. ఒక్కొక్కరూ ఇచ్చేటప్పుడు ఒక్కో చురక అంటించి మరీ ఇచ్చారు. ఎన్నాళ్ళ బాకీయో తీర్చుకున్నారు.

వీధి చివరి ఇల్లు వెంకాయమ్మది. ఒంటరి మనిషి, అరవై దాటాయి. ఆవిడకూ మాలక్ష్మికీ ఒక పాత గొడవ ఉంది. వెంకాయమ్మ వంటింటి మేకుకు నాడాల గుత్తి ఒకటి వేలాడుతుంటుంది. తుప్పు రాలి గోడంతా ఎర్రగా ఉంటుంది. అది తీసేయమని మాలక్ష్మి ఎన్నిసార్లు చెప్పినా ఆవిడ "చూద్దాంలే" అనేది. ఒకసారి మాలక్ష్మే చెయ్యి వేయబోతే, ఆ చెయ్యి పట్టుకుని తోసేసింది. అప్పటి నుంచి మాటలు అంతంతమాత్రం.

కాబట్టి ఆ గుమ్మంలో మాలక్ష్మి ఏమీ అడగలేకపోయింది. ఊరికే నిలబడింది.

"రా" అంది వెంకాయమ్మ. "కబురు నా దాకా వచ్చిందిలే."

మేకు నుంచి గుత్తి తీసి ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

"ఇవి వాడినవి కాదే అమ్మాయ్. కొత్తవి. మాది నాగాయలంక అవతలని తెలుసుగా. ఉప్పెన ముందు రోజే మా నాన్న సంతలో కొనుక్కొచ్చాడు, మర్నాడు ఎద్దులకి కొట్టించాలని. నీళ్ళు తీశాక పాకా లేదు, ఎద్దులూ లేవు, ఆయనా లేడు. గుంజకి కట్టిన గుత్తి మాత్రం ఉంది. ఉప్పు నీళ్ళలో నాని అప్పుడే తుప్పు పట్టేశాయి."

మాలక్ష్మి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "వద్దండీ అక్కయ్యగారూ. ఉంచుకోండి. ఇన్నాళ్ళూ నేను... నాకు బుద్ధి లేదు."

"అది నాకెప్పుడో తెలుసు" అంది వెంకాయమ్మ. "తీసుకో. గోడకుంటే రాలిపోవడమే. మీ ఆయన కుండలో వేస్తే ఎందుకన్నా పనికొస్తాయి. ఒక్కటుంచుకుంటాను."

ఒక నాడా విడదీసి మేకుకు తగిలించి, మిగతావి ఆవిడ దోసిట్లో పోసింది.

పాండురంగయ్య ఆ రాత్రి టీవీ వెలుగులోనే ఆ ఇనుము చూశాడు. కత్తిపీట తిప్పాడు, గొళ్ళెం తిప్పాడు. నాడాల దగ్గరికి వచ్చేసరికి చేతులు ఆగాయి. "ఇవెక్కడివే?" అన్నాడు. ఆవిడ చెప్పింది. ఆయన లేచి టీవీ ఆపేశాడు. బెల్లం ఎక్కడ పెట్టావు అని అడిగాడు.

కుండ మళ్ళీ పులిసింది. తర్వాత తనిఖీకి వచ్చినవాళ్ళు షెడ్డు వైపు వెళ్ళబోతే మాలక్ష్మి రెండు చేతులూ అడ్డం పెట్టి, "అది రంగండీ. దానికి నేను జవాబుదారీ. గుడ్డ గట్టిగా కట్టాం, దోమ కాదు కదా గాలి కూడా దూరదు" అని పెద్ద ఉపన్యాసం ఇచ్చింది. ఒక పొద్దున పాండురంగయ్య షెడ్డులోంచి కేకేశాడు. "ఇలా రా, వాసన చూడు." ఆవిడ ముక్కు మీది కొంగు తీసి వాసన చూసింది. కళ్ళమ్మట నీళ్ళొచ్చాయి. "కుళ్ళిపోయిందండీ" అంది. "అదీ!" అన్నాడాయన, చిన్నపిల్లాడిలా. కరక్కాయ పట్టిన గుడ్డ పరిచి, పువ్వు అచ్చు ముంచి అద్దాడు. టీ రంగు పువ్వు పడింది. చూస్తుండగానే అది చిక్కబడి, ముదిరి, నల్లబడింది. కాలవలో పోయిన నలుపే. ఆయన కూనిరాగం మొదలుపెట్టాడు. మాలక్ష్మి గోడకు ఆనుకుని, పొయ్యి మీద పాలున్న సంగతి మర్చిపోయి, అంతా విన్నది.

ఆ మొదటి ముక్క భవిత కొట్టుకు వెళ్ళలేదు. మాలక్ష్మి దాన్ని మడిచి వెంకాయమ్మకు తీసుకెళ్ళి ఇచ్చింది. వెంకాయమ్మ నల్లటి పువ్వు మీద వేలితో రాసి చూసింది.

"మా ఎద్దులు తెల్లవే అమ్మాయ్" అంది. గుడ్డ మడిచి, "మిగిలిన నాడాలు కుండలోనే ఉంటాయిగా? ఎవరూ పారెయ్యరుగా?" అని అడిగింది.

"నేనుండగా ఎవరు పారేస్తారండీ?" అంది మాలక్ష్మి.

వెంకాయమ్మ ఆవిడ వంక చూసింది. నవ్వు ఆపుకోవాలని చూసింది కానీ వల్ల కాలేదు. గోడ పట్టుకుని, ఆ గుడ్డ ముక్కతోనే కళ్ళు ఒత్తుకుంటూ నవ్వింది. మాలక్ష్మి మొదట మూతి ముడుచుకుని, తర్వాత తనూ నవ్వేసింది.

వెళ్ళేటప్పుడు గుమ్మం పక్కన వెంకాయమ్మ ఆకుపచ్చ డబ్బా కనబడింది. అందులో కూర తొక్కుల మీద ఒక పాల ప్యాకెట్. మాలక్ష్మి రెండడుగులు ముందుకు వేసింది. ఆగింది. వెనక్కి వచ్చి, అటూ ఇటూ చూసి, ప్యాకెట్ తీసి నీలం డబ్బాలో వేసింది. వెంకాయమ్మ కిటికీలోంచి చూస్తూనే ఉంది.